రెండు ఘట్టాల నడుమ బలిఘట్టం

విశాఖపట్నం నుండి రాజమహేంద్రవరం వైపు సాగే రైలుమార్గంలో, యలమంచిలి దాటి తుని చేరకముందే, 'నర్సీపట్నం రోడ్డు' అనే చిన్న స్టేషను ఒకటి వస్తుంది. పేరు చూచి దిగిన కొత్తవారికి అక్కడ నర్సీపట్నం కనిపించదు. ఆ పేరు చివరనున్న 'రోడ్డు' అన్న మాటకు, ఊరికి పోవలసిన దారి ఇక్కడ మొదలవుతున్నదని మాత్రమే అర్థం. 1893లో ఈ తీరం వెంట రైలు నడవడం ఆరంభమైనప్పుడు పట్టాలు సముద్రపు చేరువనే అంటిపెట్టుకొని పోయాయి. కొండల పాదాన ఉన్న నర్సీపట్నానికి రైలు దక్కలేదు, స్టేషను పలక మీద పేరు మాత్రం దక్కింది. అక్కడినుండి వాయవ్యంగా, కొండలు క్రమక్రమంగా ఎత్తు పెరుగుతూ కనబడుతుండగా ప్రయాణం చేస్తే నర్సీపట్నం వస్తుంది. ఆ ఊరి పొలిమేరలోనే, వరాహనది ఒడ్డున బలిఘట్టం ఉన్నది. ఒకప్పుడు వేరు గ్రామం. ఇప్పుడు పట్టణం పెరిగి పెరిగి దాదాపు దానిని తనలో కలుపుకొన్నది.

పెద్ద ఊరి గురించి చెప్పక చిన్న ఊరి గురించి చెప్పడమెందుకని శ్రోతలు అడుగవచ్చు. పెద్ద ఊరి సంగతి కూడ చెబుతాను. కాని దానికి తలుపు చిన్న ఊరి పేరులోనే ఉన్నది.

'ఘట్టం' అంటే మనకు రెండు అర్థాలు ఉన్నాయి. నీటిలోకి దిగే మెట్లదారి ఒకటి, స్నానానికి, సంకల్పానికి, పిండప్రదానానికి దిగే రేవు. కొండ మీదికి ఎక్కే దారి రెండవది. ఈ రెండవదానిని తెలుగువారు కనుమ అంటారు. ఇంగ్లీషువారు మాత్రం ఘాట్ అన్న మాటనే తీసుకొని, దారికి చెల్లే పేరును కొండల వరుసకంతటికీ పెట్టేశారు. ఆ విధంగా పడమటి కనుమలు, తూర్పు కనుమలు అన్నవి భూగోళపు పుస్తకాలలోకి ఎక్కాయి. నేటికీ చింతపల్లి పోయే బస్సులో కూర్చున్నవారు, లంబసింగి దగ్గర మలుపులు మొదలు కాగానే 'ఘాటీ వచ్చింది' అంటారు. నదికి దిగే ఘట్టం, కొండకెక్కే ఘట్టం ఈ రెండూ కొద్ది దూరంలోనే ఉన్న చోటు ఇది. దిగే ఘట్టం దగ్గర పురాణం నిలిచింది. ఎక్కే ఘట్టం దగ్గర చరిత్ర నిలిచింది. ఒకదానినొకటి అవి పెద్దగా పలుకరించుకొన్నట్టు కనబడదు.

ముందు నది సంగతి. వరాహ పెద్ద నది కాదు. గోదావరిని చూచిన కళ్ళకు ఏరు వలె కనబడుతుంది. నర్సీపట్నానికి ఉత్తరాన ఉన్న తూర్పు కనుమలలో పుట్టి, కోటవురట్ల, ఏటికొప్పాక ప్రాంతాలమీదుగా, సర్వసిద్ధి రాయవరం వైపున సాగి బంగాళాఖాతంలో కలుస్తుంది. వేసవిలో ఇసుక మేట, వానకాలంలో ఎర్రనీరు. కనుమలలో ఒక రాత్రి గట్టి వాన కురిస్తే తెల్లవారేసరికి ఆ వార్త పల్లానికి చేరవేసేది ఈ ఏరే. కొండకూ కడలికీ నడుమ దూరం తక్కువగా ఉన్న మన్యపు నదులన్నిటికీ ఈ స్వభావం ఉన్నది. శారద, తాండవ, వరాహ మూడింటినీ అక్కచెల్లెళ్ళుగా ఎంచవచ్చు.

ఈ నదులన్నీ స్థూలంగా ఆగ్నేయ దిశగా పారుతాయి. కొండలు వాయవ్యాన ఉన్నాయి, సముద్రం ఆగ్నేయాన ఉన్నది, కనుక వేరే దారి లేదు. అయితే బలిఘట్టం దగ్గర వరాహ కొంతదూరం ఉత్తరముఖంగా ప్రవహిస్తుంది. సముద్రానికి పోవలసిన నది, పుట్టింటివైపు ఒకసారి తిరిగి చూచినట్టుగా ఉంటుంది. తూర్పు కనుమలలోని ఖోండలైటు వంటి రాళ్ళ పొరలు చాలవరకు నైరృతి నుండి ఈశాన్యానికి బారులు తీరి ఉంటాయి. ఆగ్నేయంగా పోతున్న నీటికి అటువంటి గట్టి రాతిబారు అడ్డం వస్తే, దానిని కోసుకొని పోయే చోటు దొరికేవరకు ఆ బారు వెంటనే నడవవలసి వస్తుంది. ఈ వైపు నదులు ఉత్తరానికో, ఈశాన్యానికో కొంతదూరం మళ్ళడానికి సామాన్యంగా కారణం ఇదే. భూగర్భ శాస్త్రజ్ఞునికి ఇది రాతి వాలుకు సంబంధించిన ముచ్చట. మన పెద్దలకు మాత్రం ఉత్తరవాహిని అంటే కాశీ. గంగ అక్కడ ఉత్తరంగా మళ్ళుతుంది గనుకనే కాశికి అంత ప్రశస్తి అని చెప్పుకొంటారు. ఆ లక్షణం ఏ చిన్న ఏటిలో కనబడినా, ఆ రేవుకు కాశీ వాసన అంటించడం మన దేశాచారం.

బలిఘట్టంలో ఇంకొక విశేషం కూడ ఉన్నది. ఇక్కడ వెలసిన స్వామి బ్రహ్మలింగేశ్వరుడు. బ్రహ్మదేవుడు స్వయంగా ప్రతిష్ఠించిన లింగమని స్థలపురాణం. ఈ శివుడు పశ్చిమాభిముఖుడు. మన శివాలయాలు చాలవరకు తూర్పుముఖంగా ఉంటాయి గనుక పడమటి ముఖం అరుదు, అరుదైనది గనుక మహిమాన్వితమని విశ్వాసం. ఉత్తరవాహినియైన నది, పశ్చిమముఖుడైన శివుడు ఈ రెండూ కలిసిన క్షేత్రం తెలుగువారికి మరొకటి బాగా తెలిసినది ఉన్నది. అది శ్రీకాళహస్తి. అక్కడ స్వర్ణముఖి ఉత్తరంగా తిరిగి ఆలయం పడమటి వైపును ఒరసుకొంటూ పోతుంది. వాయులింగమూర్తి పడమటికి చూస్తూ ఉంటాడు. కాళహస్తికి రాజులు గోపురాలెత్తారు, ధూర్జటి శతకం చెప్పాడు. బలిఘట్టానికి అటువంటి భాగ్యం పట్టలేదు. కాని రెండుచోట్లా పెద్దల కన్ను వెదకిన లక్షణాలు ఒకటే. నది ఎటు మళ్ళింది, దేవుడు ఎటు చూస్తున్నాడు అన్న విషయాన్ని వారు దిక్సూచి లేకుండానే ఎంతో జాగ్రత్తగా గమనించి, కథగా భద్రపరచారు. స్థలపురాణాలను కట్టుకథలని తోసివేసేవారు, అలాగే అక్షరాలా చరిత్ర అని పట్టుబట్టేవారు, ఇద్దరూ ఈ గమనింపును జారవిడుస్తున్నారని నా అభిప్రాయం.

ఇక బలిచక్రవర్తి సంగతి. ఈ రేవున బలి యజ్ఞం చేశాడని, అందువల్లనే బలిఘట్టమనే పేరు వచ్చిందని ఇక్కడివారు చెబుతారు. భాగవతం అష్టమస్కంధం ప్రకారం వామనుడు వచ్చి మూడడుగుల నేల అడిగిన యాగశాల నర్మదానది ఉత్తర తీరాన, భృగుకచ్ఛంలో ఉన్నది. అనగా నేటి గుజరాతులోని భరూచి. కేరళీయులు కొచ్చి నగరం చెంతనున్న తృక్కాకరలో వామనుని అడుగు పడిందని, ఏటేటా ఓణం పండుగకు తమ రాజు మహాబలి తమను చూడ వస్తాడని నమ్ముతారు. ఇన్నిచోట్ల ఒకే చక్రవర్తి ఎట్లా యాగం చేశాడని తగవు పడనక్కరలేదు. ఇచ్చినమాట తప్పక, ఇచ్చి, ఓడి, పాతాళానికి పోయిన రాజును తమవాడు అనిపించుకోవాలన్న కోరిక ఏ సీమవారికైనా కలుగుతుంది. గెలిచినవారికి విజయస్తంభాలు ఉంటాయి. ఓడినవారు ఇటువంటి రేవుల పేర్లలో బ్రతుకుతారు. ఇక్కడ నది పేరు వరాహ, ఊరి కథ వామనునిది. దశావతారాలలో రెండు ఈ ఒక్క రేవున చేరాయి. భూమిని ఎత్తినది ఒకటి, కొలిచినది ఒకటి.

అన్నిటికన్న ఆలోచింపజేసేది, నది ఒడ్డున నేలలో కనబడే బూడిదవంటి పదార్థం. బలి చేసిన యజ్ఞంలోని భస్మం ఇదేనని స్థలపురాణం చెబుతుంది. యాత్రికులకు అది విభూతితో సమానం.

దీనిని గురించి కొంచెం నిదానించి చెప్పవలసి ఉన్నది. కట్టెలు కాల్చిన బూడిదలో నీటికి కరిగే క్షారాలు ఉంటాయి. ఆ క్షారపు గుణం వల్లనే మన పాతకాలపు చాకిరేవులలో బూడిదనీరు సబ్బు పని చేసేది. వానలకు, వరదలకు ఆ క్షారాలు త్వరలోనే కరిగి కొట్టుకొనిపోతాయి. నది ఒడ్డున యుగాలు గడిచినా కట్టె బూడిద కట్టె బూడిదగానే పొరగట్టి నిలవడం కష్టం. అయినంత మాత్రాన బూడిద వలె కనబడేది బూడిద కాకుండా పోదు. భూమి మీద వేరు రకపు బూడిద కూడ ఉన్నది. సుమారు 74,000 సంవత్సరాల క్రితం సుమత్రా దీవిలో తోబా అనే అగ్నిపర్వతం బ్రద్దలైనప్పుడు ఆకాశానికెగసిన బూడిద సముద్రం దాటి వచ్చి మన దేశమంతటా రాలింది. అది ఇప్పటికీ కొన్ని నదీలోయలలో పొరలుగా దొరుకుతున్నది. మన శ్రీకాకుళం వైపు వంశధార లోయలో దొరికింది. పూర్వపు కర్నూలు జిల్లాలోని జ్వాలాపురంలో అయితే మట్టుకు మట్టు అడుగుల మందాన ఉన్నది. అక్కడి జనం చిరకాలంగా దానిని తవ్వి, పాత్రలు తోముకొనే పొడికి అమ్ముకొంటున్నారు. 2007లో ఆ పొరకు క్రిందా పైనా ఆదిమ మానవుల రాతి పనిముట్లు దొరికినట్లు ప్రకటించిన తరువాత ప్రపంచంలోని పండితులందరి కన్నూ ఆ పల్లె మీద పడింది. మూడవ సంభావ్యత కూడ చెప్పవలె. కనుమల రాళ్ళు ఎండకు వానకు చివికి, తెల్లనివీ బూడిదవన్నెవీ అయిన సుద్దమట్టిగా మారుతుంటాయి. ఏటి కోతల్లో అటువంటి పొరలు బయటపడడం సహజం.

ఈ మూడింటిని వేరుచేసి గుర్తించడం పెద్ద పనేమీ కాదు. తడిపితే వేళ్ళకు జిగటగా పట్టేది సుద్దమట్టి. సున్నపు అంశం ఉన్నదానిమీద నిమ్మరసం బొట్టు వేస్తే నురుగుతుంది. అగ్నిపర్వతపు బూడిదను సూక్ష్మదర్శిని క్రింద పెడితే గాజు పెంకుల వంటి పదునైన తునకలు కనిపిస్తాయి, ఎందుకంటే అది నిజంగా గాజే. ఒక కళాశాల ప్రయోగశాలలో ఒక మధ్యాహ్నానికి తేలే సంగతి. అయితే పరీక్ష జరిగేవరకు ఆ పొర అక్కడ ఉండాలి గదా. ఏటిగట్లు కోసి, ఇసుక, మట్టి బండ్లకెత్తే కాలం ఇది. పట్టణం పెరిగేకొద్దీ ఇంటి పునాదులకు ఏటి ఒడ్డు మొదట కనబడుతుంది. జ్వాలాపురంలో పొడి వ్యాపారం నడుమ కూడ పొరలు కొన్ని మిగిలినందువల్ల చరిత్రకు ఆధారం చిక్కింది. బలిఘట్టంలో ఆ నేలను ఇంతకాలం కాపాడినది పురావస్తుశాఖవారి పలక కాదు, బలిచక్రవర్తి పేరు. భస్మమని చెప్పినందువల్లనే జనం దానిని చిటికెడు తీసుకొన్నారు గాని తట్టకెత్తలేదు.

ఇక రెండవ ఘట్టం వైపు తిరుగుదాం.

ఉత్తర సర్కారులు 1765లో ఇంగ్లీషువారి వశమైన తరువాత, 1802లో శాశ్వత పైసలా జరిగింది. ఈ కొండపాదపు సీమ అప్పుడు గొలుగొండ జమీందారీ. భూపతి వంశం వారు దాని ఏలికలు. కొండల మీద గూడెం ప్రాంతంలో ముఠాదారులు ఉండేవారు. వారు జమీందారుకు లోబడినవారే గాని, నిజానికి తమ ముఠాలో తామే రాజులు. శిస్తు బాకీలు, వారసత్వపు తగవులు పెనవేసుకొని, 1837లో ఆ జమీను వేలానికి రాగా సర్కారే కొనుక్కొన్నది. మూడడుగుల నేల అడిగి ముల్లోకాలు కొలిచిన కథ చెప్పుకొనే రేవుకు పక్కనే కుంపిణీవారు కూడ అటువంటి కొలతే కొలిచారని అనిపిస్తుంది. అయితే వామనుడు ముందుగా అడిగాడు.

నాటినుండి నర్సీపట్నానికి ప్రాముఖ్యం వచ్చింది. తాలూకా పేరు గొలుగొండ, కచేరీ మాత్రం నర్సీపట్నంలో. అక్కడే ఎందుకంటే, పల్లపు దారులు ముగిసి కొండదారి మొదలయ్యే మెడ అది. కొండమీది చింతపండు, పసుపు, అడ్డాకులు, చీపుళ్ళు దిగేదీ, పల్లంలోని ఉప్పు, బట్ట, కిరసనాయిలు ఎక్కేదీ ఆ మార్గాననే. 1839లో గంజాం, విశాఖపట్టణం జిల్లాల కొండప్రాంతాలకు సామాన్య న్యాయస్థానాల అధికారం తొలగించి, కలెక్టరునే గవర్నరు ఏజెంటుగా నియమిస్తూ 24వ చట్టం చేశారు. ఏజెన్సీ అన్న మాట మన భాషలోకి అట్లా వచ్చింది. కాగితం మీద గీసిన ఆ గీతకు ఈవల ఒక న్యాయం, ఆవల మరొక న్యాయం. బలిఘట్టం, నర్సీపట్నం ఈవల ఉన్నాయి. కొద్దిగంటల నడకలో ఆవల.

గీత గీసినవారికి శాంతి దొరకలేదు. 1845లో మొదలైన గొలుగొండ పితూరీ 1848 వరకు సాగింది. 1857-58లో మరల లేచింది. 1879లో గోదావరి వైపు రంపలో లేచిన మంట గూడెందాక పాకింది. 1882 అడవి చట్టం పోడు మీద ఆంక్షలు పెట్టింది. 1886లో గూడెంలో మళ్ళీ కల్లోలం. ప్రతిసారి సిపాయిలు దిగిన చోటు కొండపాదాననే. ఎక్కవలసిన ఘట్టం అదే గనుక.

ఆ ఘట్టానికి రోడ్డు వేయడమే చివరి పెద్ద పితూరీకి కారణాలలో ఒకటైనది. నర్సీపట్నం నుండి లంబసింగి మీదుగా చింతపల్లికి బాట కొట్టించడానికి గూడెం డిప్యూటీ తహసీలుదారు బాస్టియన్ మన్యం ప్రజలచేత వెట్టిచాకిరి చేయించాడు. కూలి సరిగా ఇవ్వలేదు, అడిగినవారిని కొట్టించాడు. గాం గంటందొర, మల్లుదొర వంటివారి కడుపుమంటకు అల్లూరి సీతారామరాజు నాయకత్వం దొరికింది. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు ఠాణాల మీద పడి మొత్తం 26 తుపాకులు పట్టుకొనిపోయారు. సరిగ్గా నెల గడిచేసరికి, సెప్టెంబరు 24న, దామనపల్లి కనుమదారిలో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు ఇంగ్లీషు అధికారులు మాటు తూటాలకు కూలారు. వారి సమాధులు నర్సీపట్నంలో ఉన్నాయి. 1924 మే 7న కొయ్యూరు దగ్గర ప్రాణం విడిచిన సీతారామరాజు సమాధి కృష్ణదేవిపేటలో ఉన్నది. చంపినవారు, చచ్చినవారు కొండమీద పోరాడి, కొండపాదాన పడుకొన్నారు. ఈ సంగతులన్నీ శ్రోతలకు తెలిసినవే గనుక ఇంతకంటె విస్తరించను.

కాని ఒక్క మాట చెప్పకుండ ఉండలేను. 2022 ఏప్రిల్ 4న పాత విశాఖపట్నం జిల్లాను విడదీసినప్పుడు మన్యమంతా పాడేరు ముఖ్యపట్టణంగా అల్లూరి సీతారామరాజు జిల్లా అయినది. నర్సీపట్నం, గొలుగొండ, బలిఘట్టం అనకాపల్లి జిల్లాలోకి వచ్చాయి. ఈ సరిహద్దును పటంలో చూస్తే కొండకూ పల్లానికీ నడుమ 1839 నాటి ఆ పాతగీతే గుర్తుకు వస్తుంది. విచిత్రమేమంటే, కృష్ణదేవిపేట గొలుగొండ మండలంలోనిది గనుక, సీతారామరాజు పేరు పెట్టుకొన్న జిల్లాలో ఆయన సమాధి లేదు. గీతకు ఈవల ఉండిపోయింది.

ఈ అలజడులన్నిటి కాలంలోను బలిఘట్టంలో ఏమి జరిగింది? దొరతనం వారి దృష్టిలో చెప్పుకోదగినది ఏమీ జరుగలేదు. దారి మీద లేదు గనుక సైన్యం ఆగలేదు. కచేరీ లేదు గనుక పితూరీదారులు రాలేదు. ఇంగ్లీషువారి జిల్లా గ్రంథాలలో దీనికి దక్కినది గుడి, నది మలుపు, బూడిద, ఈ మూడు ముచ్చట్లే. అంటే స్థలపురాణం చెప్పిన మూడింటినే వారూ వ్రాసుకొన్నారు. అయితే ఏమీ జరుగకపోవడం కూడ ఒక చరిత్రే. మహాశివరాత్రికి చుట్టుపట్ల గ్రామాల జనం ఆ రేవులో మునిగి, పడమటిముఖపు స్వామిని చూచి, అక్కడే జాగరణ చేసే ఆచారానికి ఏ పితూరీ అడ్డు రాలేదు. వెట్టిచేసి వచ్చినవాడు, వెట్టి చేయించినవారి దగ్గర గుమాస్తాగిరి చేసినవాడు ఒకే ఇసుకలో తడిబట్టలు పిండుకొని ఉంటారు.

ఆ రేవులో నీరు ఎక్కువకాలం నిలవదు. మలుపు తీరగానే వరాహ మళ్ళీ తన దారి పట్టి ఆగ్నేయానికి సాగుతుంది. దిగువన ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిణె మీద తిప్పి, లక్కరంగులు అద్ది బొమ్మలు చేసేవారు ఉన్నారు. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు కూడ లభించింది. చెరకు పండించేవారు తామే కూడి సహకార చక్కెర కర్మాగారం పెట్టుకోవడానికి 1933లోనే పూనుకొన్న ఊరు అది. ఇంకా దిగువకు పోతే సర్వసిద్ధి రాయవరం, 1862లో గురజాడ అప్పారావు పుట్టిన ఊరు. తరువాత ఉప్పు వాసన మొదలవుతుంది. కనుమలో కురిసిన వాన, బలిఘట్టం దగ్గర ఉత్తరంగా ఒకసారి తిరిగి చూచిన నీరు, అక్కడ సముద్రంలో పడుతుంది. మాఘ బహుళ చతుర్దశినాడు ఆ రేవుకు పోదలచినవారు నర్సీపట్నం రోడ్డు స్టేషనులో దిగి, నడిచే దూరం కాదు గనుక, బస్సు ఎక్కవలె.